వాకిట్లో పాడునేల, మనసులో దిగులు

ఎవరైనా దిగులుతో కుంగిపోతే "గుండె దిటవు లేదు పాపం" అని తేల్చివేస్తాము. తెల్లవారి తలుపు తీయగానే వారి కంటబడేదేమిటో విచారించము.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు ఈ సంగతినే పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. పాడుపడిన 541 ఖాళీ స్థలాలను చీట్లు తీసినట్టు మూడు తరగతులుగా విడదీశారు. కొన్నింట చెత్త ఎత్తి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, పొట్టి కొయ్యకంచె కట్టారు. కొన్నింట చెత్త మాత్రమే ఎత్తారు. మిగిలినవాటిని ముట్టుకోలేదు. చుట్టుపక్కల 342 మందిని ముందూ, తరువాతా మనఃస్థితి అడిగారు.

పచ్చన చేసిన చోట, దిగులుగా ఉన్నామనడం, ఏమీ చేయని చోట్లతో పోలిస్తే, నూటికి 41 వంతులకు పైగా తగ్గింది. పేదవాడల్లో 68కి పైగా. చెత్త ఎత్తి ఊరుకున్న చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు.

వైద్యుడు అక్కరలేదని మేమనడం లేదు. వీధికీ ఆ వైద్యంలో వంతు ఉన్నదంటున్నాము. మన పేటల్లోనూ దిక్కులేని స్థలాలున్నాయి. ఉత్సవాల పందిళ్లకు మునిసిపాలిటీకి అర్జీలు వ్రాసేవారము. వీటికోసం ఇంకొకటి వ్రాయలేమా?