బాటసారి పడక

దూరపు కాలినడకకు బయలుదేరువానిని ముందుగా వేధించు ప్రశ్న కూటిని గూర్చినది కాదు, పడకను గూర్చినది. గుప్పెడు బియ్యము ఏ పల్లెలోనైనను దొరకును; రాత్రివేళ వీపు వాల్చుటకు పొడినేల అన్నిచోట్ల దొరకదు. భూపాలపల్లి జిల్లాలోని టేకుమట్ల నుండి గణపురము కోటగుళ్లను, పాలంపేట రామప్ప గుడిని చూచుకొనుచు, తాడ్వాయి అడవిలోని మేడారము వరకు నడచిపోదలచిన విద్యార్థులను ఊహింపుడు. రెండేండ్లకొకమారు మాఘమాసమున జరుగు సమ్మక్క సారలమ్మల జాతరకు ఈ ప్రాంతపు కుటుంబములు తరతరములుగా ఎడ్లబండ్లు కట్టుకొని పోయినవి. గడ్డి, వంటపాత్రలు, బొంతలు అన్నియు బండిలో ఇమిడెడివి. బండి లేని బాటసారికి ఇల్లంతయు వీపుమీదనే.

వీపుమీది బరువు శరీరభారములో ఐదవవంతునకు మించరాదని నడకలో ఆరితేరినవారు చెప్పుదురు. 50 కిలోల బాలుడు 10 కిలోలు మోయవచ్చునన్నమాట. నీరు, తిండి, బట్టలు పోగా పడకకు మిగులునది రెండు మూడు కిలోలు మాత్రమే.

ఈ చిక్కును విప్పునది ఊయల పడక. ఆంగ్లమున దీనిని హామక్ అందురు. ఆ మాట కరీబియను దీవుల ఆదివాసులది. 1492లో కొలంబసు అచ్చటి జనులు ఇట్టి పడకలలో నిదురించుట చూచెను. మనకును ఇది కొత్త కాదు. పొలమునకు వచ్చిన తల్లి చెట్టుకొమ్మకు చీర కట్టి బిడ్డను పరుండబెట్టుట ఎవరెరుగరు? రెండు చెట్ల నడుమ వ్రేలాడు వస్త్రమునకు నేల తడి లేదు, రాయి గ్రుచ్చుట లేదు, చీమల బెడద తక్కువ.

కాని అంగడివారి పట్టికను చూచినచో పేద విద్యార్థి గుండె జారును. పడకకొక ధర, దాని త్రాళ్లకొకటి, దోమతెరకొకటి, అడుగున కట్టు మెత్తకొకటి, పైకప్పునకు మరియొకటి. ఇవన్నియు లేనిదే నడక లేదనుకొన్నచో పెక్కుమంది పిల్లలు ఊరు దాటకనే ఆగిపోవుదురు. ఇంటిలో ఉన్నవి ఏవి, తప్పక కొనవలసినవి ఏవి అని విడదీసి చూచుకొనుటయే ఇచ్చట వివేకము.

మన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. ఆయన వెంట డేరాలు, పల్లకి, పరివారము నడచినవి. 1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అను 67 ఏండ్ల వృద్ధురాలు, పదునొకండుగురు బిడ్డల తల్లి, అపలాచియను కొండబాటను సుమారు 3,300 కిలోమీటర్లు ఒంటరిగా నడచెను. ఆమె వద్ద డేరా లేదు. తాను కుట్టుకొన్న సంచి, ఒక కంబళి, వానకు అడ్డముగా స్నానపుగది ప్లాస్టిక్ తెర, ఇవియే ఆమె సామగ్రిలో ముఖ్యమైనవి. వీరాస్వామయ్యకు పరివారము ఇచ్చిన సుఖమును ఆమెకు పొదుపరితనము ఇచ్చెను.

అయినను ఒక్క వస్తువు విషయమున పొదుపు పనికిరాదు. అది చెట్టునకు చుట్టు పట్టీ. సన్నని త్రాడు చెట్టు బెరడును కోయును. బెరడు క్రిందనే చెట్టు ప్రాణము పారుచున్నది. కనుక అంగుళమునకు తక్కువ కాని వెడల్పుగల పాలిస్టరు పట్టీ కావలెను. నైలాను తడిసిన సాగును; తెల్లవారుసరికి నిద్రించువాడు నేల తాకును.

పట్టీ ఎంత గట్టిదో అంత ముఖ్యము అది కట్టు కోణము. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లమీద వేసి చూపవచ్చును. పట్టీ నేలకు సమాంతరమైన గీతతో 30 డిగ్రీల కోణము చేసినచో, 50 కిలోల బాలుడు పరుండగా ఒక్కొక్క పట్టీపై 50 కిలోల లాగుడు పడును. పడక వంగరాదని బిగించి 10 డిగ్రీలకు తెచ్చినచో అది సుమారు 144 కిలోలగును. 5 డిగ్రీలకు తెచ్చినచో 287 కిలోలు. బిగువు భద్రత అనుకొనుట భ్రమ. వదులుగా వ్రేలాడునదే క్షేమము. ఎత్తు కూర్చున్నవాని మోకాలిని మించకుండవలెను. జారినను ఎముక విరుగదు.

పడక వస్త్రమును దర్జీచేత కుట్టించుకొనవచ్చును. 11 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుగల దట్టమైన పాలిస్టరు గుడ్డకు రెండు కొనలను మడిచి త్రాడు పట్టు కాలువ కుట్టించిన చాలును. వెడల్పు ఎందుకన, నిలువునగాక ఏటవాలుగా పరుండినప్పుడే వీపు చదునుగా నుండును. చీర వెడల్పు దీనికి చాలదు. వరంగల్లు జంఖానాలు 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఘనమైన నేత. కాని నూలు జంఖానా బరువు, తడిసినచో మరింత బరువు. దానిని ఇంటనే పరచుకొందము.

ఇక చలి. ఊయలలో చలి పైనుండి రాదు, వీపు క్రిందినుండి వచ్చును. వెచ్చదనమిచ్చునది ఉన్నిపోగుల నడుమ నిలిచిన గాలియే. దేహభారముతో నలిగిన కంబళిలో ఆ గాలి నిలువదు. అందుచేత కంబళిని లోపల పరచుటకంటె పడక అడుగున, వెలుపల, తగులునట్లు కట్టుట మేలు. దీనికి మన కురుమలు దక్కను గొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగడిని మించినది అంగడిలో వెదకనక్కరలేదు. బరువైనదే, అయినను అదియే కప్పు, అదియే వానముసుగు, అదియే ఆసనము.

దోమతెర మాత్రము విధిగా ఉండవలెను. మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఆడు అనాఫిలిస్ దోమ కడుపులో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. వస్త్రము వీపునకు అంటిన చోట దోమ అడుగునుండియు కుట్టును. గొంగడి అటు, తెర ఇటు కాపాడును. ఇంటి దోమతెరనే రెండు చెట్ల నడుమ పైన కట్టిన త్రాడుపై వ్రేలాడదీయవచ్చును. ఆ త్రాటిపైననే పలుచని టార్పాలిన్ వేసిన మంచుకు, వానకు కప్పు ఏర్పడును. పేరులోనే టేకును ధరించిన టేకుమట్ల పిల్లలకు ఒక మాట వేరుగ చెప్పనక్కరలేదు: వేసవి ముంగిట టేకు ఆకు రాల్చును, నీడగాని మరుగుగాని ఈయదు.

చెట్టు తొడకంటె లావుగా, పచ్చిగా ఉండవలెను; తలపై ఎండుకొమ్మ ఉండరాదు. తాడ్వాయి వైపు అడవి ఏటూరునాగారము అభయారణ్యమునకు చెందినది; అటవీశాఖ అనుమతి లేనిదే అందు రాత్రి బస కూడదు. చెట్లు లేనిచోట, అనుమతి లేనిచోట, ఆ టార్పాలిన్‌నే ఊరి బడి వసారాలో పరచుకొన్నచో సరిపోవును.

కావున డబ్బు వెచ్చించు క్రమమిది: మొదట పట్టీలు, పిమ్మట దోమతెర, ఆపై వస్త్రము, టార్పాలిన్. గొంగడి ఇంటనే ఉండును. బయలుదేరుటకు వారము ముందు బడి ఆవరణలో పడక కట్టి, పిల్లవాని బరువునకు రెండింతల ఇసుక మూటలను అందుంచి ఒక రాత్రి వదలిపెట్టవలెను. తెల్లవారి చూచినప్పుడు ముడి జారక, కుట్టు విడక ఉన్నచో, ఆ పడకను నమ్మి పిల్లలను బాట పట్టింపవచ్చును.