పెరుగును నిలబెట్టే వల

రాత్రి తోడు పెట్టిన గిన్నెను పొద్దున కాస్త ఒకవైపు వంచి చూడండి. గడ్డ పెరుగు జారదు. అందులో నూటికి 80 పాళ్లకు పైగా నీళ్లే. అన్ని నీళ్లను కదలకుండా పట్టి ఉంచేది ఏమిటి?

పాలలో కేసీన్ అనే ప్రోటీన్ చిన్న చిన్న ఉండలుగా తేలుతుంటుంది. ఒక్కో ఉండ అడ్డుకొలత సుమారు 150 నానోమీటర్లు. ఇంచుమించు 6,700 ఉండలను వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ఇలా కరగకుండా, అడుగుకు దిగకుండా తేలే రేణువులున్న ద్రవాన్ని కొల్లాయిడ్ అంటాం. 1861లో థామస్ గ్రాహం గ్రీకు భాషలో జిగురుకున్న మాటను తీసుకుని ఈ పేరు పెట్టాడు.

నీటి అణువుల తాకిడికి ఈ ఉండలు ఎప్పుడూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూనే ఉంటాయి. అయినా పాలు పాలుగానే ఉంటాయి. ఎందుకంటే ప్రతి ఉండ మీదా రుణావేశం ఉన్న సన్నని నూగు ఉంటుంది. అది పక్కదాన్ని దగ్గరికి రానివ్వదు.

తోడులోని బ్యాక్టీరియా పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ 6.6 నుంచి 4.6 వైపు దిగేకొద్దీ ఆవేశం సన్నగిల్లి నూగు వాలిపోతుంది. ఇక గుద్దుకున్నవి గుద్దుకున్నచోటే అతుక్కుంటాయి.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఈ 'గుద్దుకున్నచోటే' అన్నదే. తీరిగ్గా సర్దుకునే వీలుంటే ఉండలన్నీ ఒత్తుగా ముద్దకట్టి అడుగున కూర్చునేవి, పైన నీళ్లు మిగిలేవి. ఆ వీలు వాటికి లేదు. కొమ్మలు కొమ్మలుగా పెరిగి బోలు గుత్తులవుతాయి. 1984లో వైట్జ్, ఒలివేరియా అనే శాస్త్రవేత్తలు నీటిలోని బంగారు రేణువులతో ఇలాంటి గుత్తులనే కట్టించి కొలిచారు. గుత్తి అడ్డుకొలత రెట్టింపైతే, లోపలంతా నిండి ఉంటే రేణువులు 8 రెట్లు కావాలి. అయినవి దాదాపు 3.4 రెట్లే! అంటే గుత్తి పెద్దదయ్యేకొద్దీ లోపల ఖాళీ పెరుగుతుంది. అందుకే పాలలో ఉన్న మూడు శాతం పైచిలుకు ప్రోటీనే గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచుదాకా వల అల్లగలుగుతుంది. నీళ్లు ఆ వల కళ్లలో చిక్కుకుంటాయి. అదే జెల్.

పాలు బాగా కాచి తోడేస్తే పెరుగు గట్టిగా వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. కాగినప్పుడు తేటలోని ప్రోటీన్లు కూడా విప్పారి ఉండలకు పట్టుకుంటాయి, వల పోగులకు బలం వస్తుంది. తోడుకుంటున్న గిన్నెను కదపొద్దనేదీ ఈ లేత పోగులు తెగుతాయనే.

తోడుకున్నాక కూడా వల ఊరుకోదు. పోగులు మెల్లగా సర్దుకుంటూ, బిగుసుకుంటూ నీటిని బయటికి పిండుతాయి. గరిటెతో తీసిన గుంటలో మర్నాటికి చేరే పచ్చని తేట ఆ నీరే.