చీనాభాషలలో దేనిని నేర్వవలెను?

చీనాదేశమునకు చదువునకో వర్తకమునకో పోదలచిన పిల్లల పెద్దలు నన్ను తఱచుగా నొక ప్రశ్న యడుగుచుందురు: "మావానికి చీనాభాష చెప్పింపదలచితిమి. మాండరిన్ చెప్పింతుమా, కాంటనీసు చెప్పింతుమా? రెంటిలో నసలైన చీనాభాష యేది?" ఈ కడపటి మాట యడుగకున్నను సరిపోవును. కాని దానివలననే మొదటి విషయమున పొరపాటులు పుట్టుచున్నవి గావున, ఈ సాయంకాలము రెంటిని గూర్చియు ముచ్చటించెదను. పరభాష నేర్చుటయన మూడు నాలుగేండ్ల శ్రమ, తండ్రులకు ధనవ్యయము. సగము దారి నడచిన పిదప వెనుకకు మరలుట కష్టము.

మొదట పేర్లను జూతము. మాండరిన్ అను పేరు చీనావారు పెట్టినది గాదు. మన "మంత్రి" శబ్దమే మలయాదేశమునకు బోయి "మెంతెరి" యైనది. దానిని విని పోర్చుగీసు వర్తకులు చీనా చక్రవర్తి కొలువులోని యధికారులను ఆ పేరుతో వ్యవహరించిరి. క్రమముగా ఆ యధికారుల భాషకును ఆ పేరే వచ్చినది. నేడు చీనాలో దానిని సామాన్యభాష యనియు, తైవానులో దేశభాష యనియు నందురు. బీజింగు నగరపు టుచ్చారణము దానికి ప్రమాణము. కాంటనీసు దక్షిణపు భాష. గ్వాంగ్‌జౌ నగరమునకు ఐరోపావారు కాంటను అని పేరిడుటచే దానికా పేరు గలిగెను. గ్వాంగ్‌డుంగు రాష్ట్రమున పెక్కు చోట్లను, గ్వాంగ్సీలో కొంతభాగమునను, హాంకాంగు మకావులలోను అది యింటిభాష.

మాండరిన్ మాతృభాషగా గలవారు 90 కోట్లకు మించియున్నారు. కాంటనీసు వారు సుమారు 8 కోట్లు. ఇది చిన్నసంఖ్య యని తలపకుడు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారును 8 కోట్ల 11 లక్షల మందియే.

ఈ రెండును ఒక భాషకు గల రెండు యాసలు గావు. గుంటూరు మాటకును కరీంనగరు మాటకును గల భేదము వంటిది కాదిది. బీజింగు ముసలివానిని గ్వాంగ్‌జౌ ముసలివానిని ఎదురెదురుగా కూర్చుండబెట్టినచో, పూర్వపరిచయము లేనియెడల, ఒకని మాట యొకనికి బోధపడదు. ఒకటి, ఆఱు, ఎనిమిది, పది యనుటకు మాండరినువారు యీ, ల్యో, పా, షి యందురు. కాంటనీసువారు యత్, లుక్, పాత్, సప్ అందురు. వీనిలో చుట్టఱికము కొంత కనబడును. కాని "వాడు" అనుటకు ఒకరు థా యనగా ఒకరు ఖోయ్ అందురు. తినుటకు ఒకరు ఛి యనగా ఒకరు సిక్ అందురు. "కాదు" అనుటకు ఒకరు పూ యనగా రెండవవారు పెదవులు మూసి మ్ అందురు. నిత్యము నోట నాడు మాటలే యిట్లు వేఱైనపుడు యాస యనుట యెట్లు?

చీనాలో నున్నవి ఈ రెండే యనియు ననుకొనరాదు. తేయాకును వీరిరువురును ఛా యనియే యందురు. ఫుకియను తీరపు రేవులవారి భాషలో మాత్రము అది తే. ఆ మాట డచ్చివర్తకుల యోడలలో ఐరోపాకు జేరి ఇంగ్లీషున టీ యైనది. ఛా భూమార్గమున పారసీకమునకు బోయి చాయ్ అయినది. కోస్తాలో టీ యనియు హైదరాబాదున చాయ్ అనియు పలుకునపుడు మనము చీనాలోని రెండు వేఱు భాషలను వాడుచున్నాము!

ఇక వ్రాత. చీనా అక్షరము ధ్వనిని గాక అర్థమును దెలుపును. 5 అను గుర్తును మనము ఐదనియు హిందీవారు పాంచ్ అనియు చదువునట్లు, ఒకే యక్షరమును ఎవరి భాషలో వారు చదువుకొందురు. కావున ఏ భాష నేర్చినను చదువు ఒకటే యని కొందఱు చెప్పుదురు. ఇది సగము నిజము. పుస్తకములలోను పత్రికలలోను గల వాక్యము మాండరిన్ వ్యాకరణమును, మాండరిన్ పదములను అనుసరించియున్నది. హాంకాంగు బాలుడు ఇంట ఖోయ్ అని మాటాడును; బడిలో థా యను నక్షరమును వ్రాసి దానిని తన యుచ్చారణతో చదువును. ఇంట వాడుకభాష మాటాడి బడిలో గ్రాంథికము వ్రాసిన మీకు ఈ చిక్కును వివరింప నక్కఱలేదు. ఇంకొక భేదము గలదు. చీనా ప్రభుత్వము 1956లో పెక్కక్షరములను గీతలు తగ్గించి సులభము చేసెను. చీనా, సింగపూరులలో ఆ క్రొత్తరూపములును, హాంకాంగు, మకావు, తైవానులలో ప్రాతరూపములును వాడుకలో నున్నవి.

నేర్చువారికి మిక్కిలి కష్టము స్వరము. దీనిని రేడియోలో పలికి చూపవచ్చును గాని అచ్చులో చూపుట దుర్లభము. మన వేదపాఠమున ఉదాత్తానుదాత్తస్వరితములు గలవు. "ఇంద్రశత్రు" శబ్దమున స్వరము తప్పుటచే త్వష్ట యజ్ఞము వికటించి, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు తానే హతుడైన కథ మీరెఱుగుదురు. చీనాలో ప్రతిమాటకును ఆ ప్రమాదము గలదు. మాండరిన్‌లో మాయ్ అను మాటను అణచి పలికినచో కొనుట. పైనుండి క్రిందికి కొట్టినట్లు పలికినచో అమ్ముట. అంగడిలో ఈ రెంటిని తాఱుమాఱు చేసినవాని గతి యేమి? మాండరిన్‌లో స్వరములు నాలుగు. స్వరము లేని తేలిక పలుకు అదనము. కాంటనీసులో ఆఱు. అందు సి యను నొక్క పలుకే స్వరభేదముచే పద్యము, చరిత్ర, ప్రయత్నము, కాలము, సంత, పని యను నాఱర్థముల నిచ్చును. పల్లెటూరి పిల్లవాని చెవి పద్యపు రాగములకు అలవాటుపడినదైనచో ఇది అసాధ్యము గాదని నా నమ్మకము.

మాట తుదిని జూచినచో మన నాలుకకు మాండరినే చేరువ. తెలుగు అజంతభాష. మాండరిన్ పలుకులు అచ్చుతోనో, అనునాసికముతోనో ముగియును. కాంటనీసు పలుకులు ప్, త్, క్ లతోను ముగియును. పైగా ఆ హల్లును పూర్తిగా విడువక నోటిలోనే ఆపవలెను. మనవాడు దానికొక ఉకారము తగిలించి సప్పు, యత్తు అనును; వినువానికి అర్థము గాదు. అయితే ఈ తుదిహల్లులు ప్రాచీనములు. బుద్ధశబ్దము చీనాకు బోయినపుడు ఇంచుమించు బుత్ అని పలుకబడెను. నేడది మాండరిన్‌లో ఫో, కాంటనీసులో ఫత్. బోధిసత్త్వ శబ్దమునందలి సత్ మాండరిన్‌లో సా యైనది, కాంటనీసులో సాత్ అని నిలిచినది. క్రీ.శ. 7వ శతాబ్దమున మన ధాన్యకటకమును దర్శించిన హ్యుయన్‌త్సాంగు నాటి పలుకుబడిలో ఈ తుదిహల్లు వినబడుచుండెను. దీనిని బట్టి కాంటనీసే అసలైన ప్రాచీనభాష యని వాదించువారు గలరు. నేనంగీకరింపను. ఒకటి నిలుపుకొన్నది రెండవది విడిచినది. రెండవది నిలుపుకొన్నది మొదటిది విడిచినది. రెండును ఒక్క తల్లి బిడ్డలే.

ఒక్క యోటు తక్కువై కాంటనీసు దేశభాష గాకపోయెనని యొక కథ ప్రచారములో నున్నది. అట్టి యోటు జరిగినట్లు చరిత్రలో ఆధారము లేదు. 1913లో బీజింగున పండితులు సభజేరి అక్షరముల యుచ్చారణమును నిర్ణయించిరి. 1932లో బీజింగు పలుకుబడియే ప్రమాణముగా నిఘంటువు వెలువడెను. 1982 రాజ్యాంగము దాని వ్యాప్తిని ప్రభుత్వధర్మముగా జేసెను. 2020 నాటికి జనులలో నూటికి 80 మంది దానిని మాటాడగలరని ఆ ప్రభుత్వము ప్రకటించినది. దేశమున కొక భాష కావలెననుట న్యాయమే. దానికి వెలయు గలదు. సింగపూరులో 1979లో మాండరిన్ ప్రచారము ఆరంభమైన పిదప, తాతలు ఒక భాషయు మనుమలు ఒక భాషయు మాటాడు ఇండ్లు ఏర్పడినవి. 2010లో గ్వాంగ్‌జౌ దూరదర్శనమున కాంటనీసుకు బదులు మాండరిన్ వాడవలెనను సూచన రాగా, ఆ నగరవాసులు వీథులకు వచ్చి నిరసన దెలిపిరి. వారి బాధ మనకు తెలియనిది గాదు.

ఇక మీ పిల్లవాని మాట. వాడెవరితో మాటాడవలెను? దీనికి బదులు దొరకినచో తక్కినది సులభము. మన ప్రాంతములనుండి అనేకులు వైద్యవిద్యకై చీనాకు బోయిరి. పాఠములు ఇంగ్లీషున జెప్పుదురు. రోగి మాత్రము ఇంగ్లీషున మూలుగడు. అట్టివానికి మాండరిన్ తప్పదు. గ్వాంగ్‌జౌలో చదివినను అంతే. అచ్చటి వైద్యులును దాదులును దానిలో వ్యవహరింతురు. చీనా యంత్రములను దెప్పించు వర్తకునకును, ఎచ్చటికి బోవునో యింకను నిశ్చయము లేనివానికిని మాండరినే తగును.

హాంకాంగునకు పోవువాని సంగతి వేఱు. 2021 లెక్కలలో అచ్చట నూటికి 88 మంది నిత్యభాష కాంటనీసు. 1997లో ఆ నగరము చీనాకు తిరిగి చేరినది. 1998 నుండి బడులలో మాండరినును ప్రధానపాఠ్యముగా జెప్పుచున్నారు. అయినను సంతబేరములు, పొరుగింటి పలుకరింపులు కాంటనీసులోనే. నేనెఱిగిన యొక యువకుడు రెండేండ్లు మాండరిన్ నేర్చి యచ్చట కొలువునకు జేరెను. కార్యాలయమున ఇంగ్లీషు చాలినది. కూరగాయల యంగడిలో అతని మాండరిను వారికి తెలిసినను, వారి మాట యతనికి తెలియలేదు. ఏడాదిపాటు చేసైగలతో గడపి, పిదప కాంటనీసు మొదలిడెను. ఇంటికోడలో అల్లుడో కాంటనీసు కుటుంబము వారైనచో ఇక ఆలోచింపనే వలదు; అత్తమామల భాషను నేర్వవలెను. మలయాలోని కవులాలంపూరులోను చీనావారి నోట కాంటనీసు విస్తారముగా వినబడును. అచ్చట స్థిరపడిన తెలుగువారికి ఇది తెలిసిన విషయమే.

కాంటనీసుకు పుస్తకములును ఉపాధ్యాయులును తక్కువ. దానిని రోమనులిపిలో వ్రాయుటకు 1993లో ఒక మంచి పద్ధతి యేర్పడినను, హాంకాంగువారు బడిలో దానిని నేర్వరు. కావున మీరు వ్రాసి చూపినను వారికి తెలియదు. మాండరిన్‌కు 1958 నుండి ప్రభుత్వము నిర్ణయించిన రోమనులిపి గలదు. ఈ రెండు లిపులలోను మనవారు జాగ్రత్తపడవలసిన దొకటి. ఇంగ్లీషు బకారము వలె కనబడు నక్షరమును మన పకారముగాను, ఇంగ్లీషు పకారము వలె కనబడుదానిని ఒత్తిన పకారముగాను పలుకవలెను. తకార థకారములు, కకార ఖకారములు నట్లే. మన వర్గాక్షరములలో మొదటి రెండును వచ్చినవానికి ఇది ఒక గడియ పని.

రెంటిని ఒకేసారి ఆరంభింపరాదు. స్వరములు కలిసిపోవును. ఒకటి నోట నిలిచిన పిదప, రెండేండ్లకు, రెండవదానికి బోవచ్చును. అప్పటికి అక్షరములు కొన్ని వేలు వచ్చియుండును గనుక శ్రమ సగమగును. మొదటి మూడు మాసములు వ్రాత జోలికి బోక, చెవికిని నాలుకకును పని పెట్టవలెను. హాంకాంగునకు పోవువాడు మొదటిదినముననే నేర్వదగిన మాటలు రెండు. ఎవరైన దారి చూపినను, మంచినీరు తెచ్చి యిచ్చినను మ్‌కోయ్ అనవలెను; కానుక యిచ్చినపుడు తోచే యనవలెను. మాండరిన్‌లో ఈ రెంటికిని షియెషియె యను నొక్కమాటయే చాలును.