గడపకు ఆవల షేరూ, ఈవల చిన్నవాడు

పసిబిడ్డ బోర్లాపడిన నాడు ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. దోగాడటం మొదలుపెట్టిన నాడు సంతోషంతోపాటు కంగారు కూడా పడతారు. నిన్నటివరకు ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉన్నవాడు నేడు రెప్పపాటులో మంచం కిందికో, బియ్యం డబ్బా పక్కకో, వంటింటి గడప మీదికో చేరుకుంటాడు. మా చిన్నవాడు ఎనిమిదో నెలలో దోగాడసాగాడు. మొదటి వారంలోనే తన గమ్యాన్ని నిర్ణయించుకున్నాడు. అది పెరటి వరండా. అక్కడ గోడవారగా పడుకుని ఉండేది మా కుక్క షేరూ.

ముస్లిం ఇంట కుక్కా అని పాఠకులలో కొందరు ఇప్పటికే నొసలు చిట్లించి ఉంటారు. ఆ ప్రశ్న అందరికన్నా ముందు మా ఇంటిలోనే పుట్టింది. మా దాదీమా మూడేళ్ళుగా దానిని అడుగుతూనే ఉన్నారు. మేముండేది విశాఖపట్నంలో గాజువాక దాటి కూర్మన్నపాలెం వైపు. ఇంటి మగవారు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు పనివారు. రాత్రి పది గంటలకు వెళ్ళి తెల్లవారాక తిరిగివచ్చే వారాలలో ఇంట ఆడవారు, ముసలివారు మాత్రమే ఉంటారు. పెరటిలో మేకలపాక ఉన్నది. బక్రీదు ముందు ఒకసారి, మరుసటి ఏడాది ఇంకోసారి మేకలు మాయమైన తరువాత ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాము. అదే షేరూ.

పశువులను కాయడానికో, వేటకో, పొలం కాపలాకో తప్ప కుక్కను పెంచేవాని పుణ్యంలో నుండి ప్రతిదినం కొంత తరిగిపోతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. హెచ్చరికతోపాటు మినహాయింపు కూడా ఆ మాటలోనే ఉన్నది. ఇంటి కాపలాను కూడా ఈ మినహాయింపుతో పోల్చి అనుమతించవచ్చునని ఇమామ్ నవవీ వంటి పండితులు అభిప్రాయపడ్డారు. కుక్క ఉన్న ఇంట దైవదూతలు ప్రవేశించరన్న హదీసు అనుమతి పొందిన కుక్కలకు వర్తించదని కొందరు వ్యాఖ్యాతలు అంటే, అన్నిటికీ వర్తిస్తుందని మరికొందరు అన్నారు. దాదీమా రెండవ పక్షం. అందువలన షేరూ మొదటినుండీ పెరటి ప్రాణిగానే పెరిగింది. ఇంటిలోపల దానికి చోటు లేదు.

పెరటికీ ఇంటికీ మధ్య ఉన్న ఆ గడపను షేరూ ఏనాడూ దాటలేదు. దాటినవాడు చిన్నవాడు.

పాకే బిడ్డకు నేలే లోకం. పాతనగరంలో కోటవీధి వైపు ఉండే మా బంధువుల ఇంట ఈ బాధ మరో రకంగా ఉన్నది. ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం ఎగుమతి దిగుమతుల ధూళి గాలిలో కలిసి వచ్చి కిటికీ అంచులపైనా నేలపైనా నల్లని పొరలా పేరుకుంటుంది. ఆ ఇంటి కోడలు రోజుకు మూడుసార్లు తడిగుడ్డ వేసినా సాయంత్రానికి పాప అరచేతులు, మోకాళ్ళు నల్లబడతాయి. ఆమెతో పోలిస్తే మా నేలపై కనబడే మురికి తక్కువే. కనబడనిదే మాకు సమస్య.

ఫిఖహ్ దృష్టిలో మా సంగతి ఇది. హనఫీ ధర్మవేత్తల ప్రకారం కుక్క లాలాజలం అపవిత్రం. దాని పొడి శరీరం తగిలినంతమాత్రాన బట్టలు అపవిత్రం కావు. షాఫియీలు ఇంతకన్నా కఠినంగా చెప్పారు. మాలికీలు కుక్క శుద్ధమైన ప్రాణేనన్నారు. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలన్న ఆదేశం సహీహ్ ముస్లింలో ఉన్నది. హనఫీలు మూడుసార్లు తప్పనిసరి, ఏడుసార్లు ఉత్తమం అంటారు. మరోవైపు ప్రవక్త (స) కాలంలో మస్జిదులో కుక్కలు వస్తూ పోతూ ఉండేవని, అందుకని అక్కడ నీళ్ళు చిలకరించేవారు కారని ఇబ్నె ఉమర్ (రజి) కథనం బుఖారీలో కనిపిస్తుంది. అంటే కుక్క నడిచిన నేలను చూసి బెంబేలెత్తనవసరం లేదు. లాలాజలం విషయంలో అలసత్వమూ కూడదు. షేరూకు ఒక సత్తుగిన్నె వేరుగా ఉన్నది. అది ఇంటి గిన్నెలతో ఎన్నడూ కలియదు.

వైద్యుల లెక్క వేరు. కుక్క మలంలో ఉండే ఏలికపాముల గుడ్లు మట్టిలో రెండు మూడు వారాలకు అంటుకునే దశకు వస్తాయి. మట్టిలో చెయ్యిపెట్టి ఆ చెయ్యి నోటిలో పెట్టుకునే వయసు ఏదో వేరే చెప్పనక్కరలేదు. మలాన్ని ఏరోజుకారోజు ఎత్తి పారవేస్తే ఆ గుడ్లకు ఎదిగే వ్యవధి దొరకదు. మూడు నెలలకొకసారి కుక్కకు నులిపురుగుల మందు పట్టించడం, సముద్రపు తేమగాలికి పెరిగిపోయే గోమార్లను ఏరివేయడం కూడా ఈ పనిలో భాగమే. ఇవన్నీ మేము చేస్తూనే ఉన్నాము. చేయనిది ఒక్కటే, అన్నిటికన్నా ముఖ్యమైనది.

అది ఒక శుక్రవారం. మగవారు జుమా నమాజుకు వెళ్ళారు. వంటింటిలో ఒకరు, బావి గట్టున ఒకరు. బిడ్డ ఎవరి వద్ద ఉన్నాడని ఇద్దరం ఒకరినొకరు అనుకున్నాము. వాడు వరండా దాకా పాకి, గరుకు సిమెంటుపై మోకాలు గీసుకుని ఏడ్చాడు. మేము పరుగెత్తేసరికి షేరూ వంగి ఆ మోకాలిని నాకుతున్నది. దానిలో కోపం లేదు, కసి లేదు. తన పిల్ల గాయాన్ని నాకినట్లు నాకుతున్నది.

కుక్క నాకితే గాయం త్వరగా మానుతుందన్నారు పొరుగింటివారు. ఇంటి కుక్కేగా, ఏమీ కాదన్నారు ఇంకొకరు. దాదీమా ఏమీ అనలేదు. బిడ్డను ఎత్తుకుని కుళాయి కిందికి తీసుకువెళ్ళి సబ్బు అడిగారు. ఆమె ఉద్దేశం తహారత్. పావుగంటసేపు ధారగా పారే నీటితో, సబ్బుతో కడగడమే రేబిస్ విషయంలో మొదటి చికిత్స అని ఆమెకు అప్పటికి తెలియదు. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకపోవడం కూడా మంచిదైంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు గాయం చూసి మొదట అడిగింది కుక్క టీకా కార్డు. కార్డు ఉన్నది. మూడవ నెలలో వేయించిన టీకా, ఏడాదికి వేయించిన రెండవ టీకా అందులో నమోదై ఉన్నాయి. ఆ తరువాతి ఏడాది గడి ఖాళీగా ఉన్నది. గడువు దాటి ఐదు నెలలు. ఇల్లు కదలని కుక్కకు తొందరేమున్నదని వాయిదా వేశాము. రాత్రివేళ ప్రహరీ దూకి వచ్చే వీధికుక్కలతో అది పోట్లాడుతుందని తెలిసి కూడా వాయిదా వేశాము. ఈ తప్పు మాదే.

కరిస్తేనే రేబిస్ అనుకునే మాకు ఆనాడు తెలిసినది ఇది. చిట్లిన చర్మంపై కుక్క నాకినా దానిని తీవ్రమైన మూడవ తరగతి ప్రమాదంగానే పరిగణిస్తారు. కళ్ళు, పెదవులు, నోటిలోపల నాకినా అంతే. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి దాదాపు మందు లేదు. బయటపడకముందు మాత్రం పూర్తిగా ఆపవచ్చు. పది రోజులు కుక్కను గమనించి అప్పుడు వస్తామంటే డాక్టరు ఒప్పుకోలేదు. టీకా నేడే మొదలుపెట్టాలి, గమనించడం దానితోపాటు సాగాలి అన్నారు. గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్, రెండు తొడలపై చర్మంలోకి టీకా. ఆ తరువాత 3, 7, 28వ రోజులలో మళ్ళీ టీకా. కండరంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 14వ రోజున మరొకటి ఉంటుంది. పిరుదుకు మాత్రం వేయరు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు తలచుకుని ఆసుపత్రికి వెళ్ళడానికే జంకే పెద్దవారు నేటికీ మన ఇళ్ళలో ఉన్నారు. గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకా మన దేశంలో 2004 చివరితోనే ఆగిపోయింది. ఇప్పటివి కణవర్ధన టీకాలు, ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా వేస్తారు. లూయీ పాశ్చర్ తొలిసారిగా కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ బాలునికి టీకా వేసినది 1885 జూలై 6న. నూట నలభై ఏళ్ళ తరువాత కూడా నాటు మందుకు పరుగెత్తి బిడ్డను పోగొట్టుకోవడం కన్నా దుఃఖం ఏముంటుంది?

ఆ రాత్రి ఇంటిలో అసలు చర్చ జరిగింది. బంధువు ఒకరు సులభమైన దారి చూపారు. కుక్కను బండిపై తీసుకువెళ్ళి చేపలరేవు వద్ద వదిలివేయండి, చేపతలలు తిని బ్రతుకుతుంది అన్నారు. మేము తెల్లవార్లూ ఆ మాటను తిప్పి తిప్పి ఆలోచించాము. మనసు ఒప్పుకున్న క్షణాలూ ఉన్నాయి, దాచనవసరం లేదు. టీకా గడువు దాటిన కుక్కను మరో వీధి పిల్లల మధ్య వదిలితే మా బిడ్డ ప్రమాదం మరొకరి బిడ్డకు బదిలీ అవుతుంది. అంతే కదా! పిల్లిని బంధించి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోనివ్వక చంపిన స్త్రీకి శిక్ష పడిందని హదీసులో విన్నవారమే. అందువలన కట్టి మాడ్చడమూ కుదరదు. చివరకు తేల్చినవారు దాదీమా. దప్పికతో మట్టి నాకుతున్న కుక్కకు తన మేజోడుతో బావినుండి నీళ్ళు తోడి తాగించిన మనిషి పాపాలు క్షమించబడిన వృత్తాంతాన్ని ఆమె పిల్లలకు చెబుతూ వచ్చారు. "ఇన్నేళ్ళు ఆ కథ చెప్పిన నోటితో దీనిని వదిలెయ్యమని అననా?" అన్నారు.

ఆ పది రోజులు షేరూను పెరటిలో పొడుగు తాడుతో కట్టి ఉంచాము. నీళ్ళు తాగుతున్నదా, తింటున్నదా, గొంతు మారిందా అని ప్రతి ఉదయం ఫజ్ర్ నమాజు తరువాత చూసేవారము. నీళ్ళ గిన్నె నింపే పనిని ఎవరూ అప్పగించకుండానే దాదీమా తీసుకున్నారు. పదకొండవ రోజున కూడా షేరూ ఎప్పటిలాగే మేకలపాక ముందు ఆవులిస్తూ కూర్చుని ఉన్నది. అల్‌హమ్దులిల్లాహ్. ఆ వారమే పశువైద్యశాలలో దాని ఖాళీ గడి నిండింది.

వరండా గుమ్మానికి నడుమెత్తు ఇనుప గ్రిల్లు పెట్టించాము. గొళ్ళెం పెరటివైపు. ఒక నియమం పెట్టుకున్నాము: చేయి చాచితే అందేంత దూరంలో పెద్దవారు లేనిదే బిడ్డ, కుక్క ఒకచోట ఉండరాదు. "చూస్తూనే ఉన్నాను" అని ఫోను చూస్తూ చెప్పడం చూడటం కాదు. బిడ్డ ముఖం కుక్క నోటి ఎత్తున ఉండే వయసు ఇది. చెవి పట్టి లాగుతాడు, తోక పట్టుకుని లేవబోతాడు, తింటున్న గిన్నెలో చెయ్యి పెడతాడు. ఎంత శాంతమైన కుక్కకైనా నిద్రలోనూ తిండి దగ్గరా సహనం తక్కువ. నిద్ర లేకున్నా ఆవులించడం, తల పక్కకు తిప్పుకోవడం, పెదవులు నాక్కోవడం, కంటి తెల్లభాగం చూపుతూ ఒళ్ళు బిగబట్టడం ఇవన్నీ "నన్ను వదలండి" అని అది అడిగే తీరు. గుర్రుమన్నందుకు కొడితే అది గుర్రుమనడం మానుకుంటుంది. తరువాత హెచ్చరిక లేకుండా కరుస్తుంది.

వీధి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుని వీధికుక్కలు చంపిన నాటినుండి తల్లులకు కంటిమీద కునుకు లేదు. అదే ఏడాది వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. అది నగరపాలక సంస్థల బాధ్యత, అడగవలసిందే. అయితే మనవారికి కోపం వచ్చినా మరో మాట అనక తప్పదు. బక్రీదు నాడు ఖుర్బానీ పేగులు, చర్మపు ముక్కలు వీధి మలుపులో పారవేసి మర్నాడు కుక్కల గుంపులను చూసి తిట్టుకునేది మనమే. ఒక గొయ్యి తవ్వి పూడ్చడానికి పట్టే సమయం ఎంత? మా వీధిలో గత బక్రీదుకు నాలుగు ఇళ్ళవారు కలిసి ఆ పని చేశారు. మిగిలినవారు చేయలేదు.

దివ్యఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో గుహవాసుల వెంట వెళ్ళిన కుక్క ప్రస్తావన వస్తుంది. విశ్వాసులు లోపల నిద్రిస్తుంటే అది గుహ ముంగిట ముందుకాళ్ళు చాచి ఉన్నది. వారి సంఖ్యను గురించి జనం వాదులాడుకునేటప్పుడు కూడా కుక్కను విడిచిపెట్టకుండా లెక్కించారు. ఆ సూరాను ప్రతి శుక్రవారం చదివే దాదీమా ఇప్పుడు ఆ ఆయతు వద్దకు వచ్చినప్పుడు కళ్ళజోడు పైనుండి ఒకసారి వరండా వైపు చూస్తున్నారు.

చిన్నవాడికి ఇప్పుడు పదో నెల. గ్రిల్లు పట్టుకుని నిలబడటం నేర్చుకున్నాడు. దాదీమా నమాజుకు నిలిస్తే పాకుతూ వచ్చి జానిమాజ్ అంచు లాగి, సజ్దాలో ఉన్న ఆమె వీపు ఎక్కబోతాడు. ఆమె సజ్దా కొంచెం పొడవవుతుంది. ఆ తరువాత గ్రిల్లు దగ్గరకు పోయి రెండు చేతులతో ఊపుతూ షేరూను పిలుస్తాడు. అది వచ్చి, గడపకు ఆవల, అడ్డంగా పడుకుంటుంది.