సిగార్ పెట్టెకు పదునే ప్రాణం

దుబాయ్, దోహా, మనామా... గల్ఫ్‌లో చాలా పెద్ద హోటళ్లలో ఓ మూలన అద్దాల బీరువా ఉంటుంది. లోపల చెక్క అరలు, అరల్లో వరసగా సిగార్లు. కలిగినవాళ్ల విల్లాల్లో అయితే అదే చిన్న చెక్కపెట్టె రూపంలో ఉంటుంది. దాని పేరు హ్యూమిడార్. సిగార్ కాల్చేది దొరలే అయినా, ఆ పెట్టెను తుడిచి, నీళ్లు పోసి, కనిపెట్టుకుని ఉండేది హౌస్‌బాయ్‌లు, వెయిటర్లు, స్టోర్ కీపర్లు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు.

పేరున్న క్యూబా సిగార్ల పెట్టె ఒక్కటి హౌస్‌బాయ్ నెల జీతాన్ని దాటిపోతుంది. 2017లో సౌదీ, యూఏఈలు పొగాకు మీద నూటికి నూరు శాతం ఎక్సైజ్ పన్ను వేశాక ధర ఇంకా పెరిగింది. అంత ఖరీదైన సరుకు పాడైతే మాట ముందు ఎవరి మీదికి వస్తుందో చెప్పక్కర్లేదు. అందుకే దీని సంగతులు నాలుగు తెలుసుకుని ఉంటే మంచిది.

మన రైతుకు తెలిసిన విద్యే

సిగార్ అంటే మన చుట్టకు పెద్దింటి చుట్టమే. గోదావరి లంకల్లో వరద తెచ్చిన ఒండ్రు మీద పండే లంక పొగాకు ఒకప్పుడు లండన్ దాకా పేరు మోసింది. షెర్లాక్ హోమ్స్ 1890 నాటి నవల 'ద సైన్ ఆఫ్ ఫోర్'లో 'ఇండియన్ లంకా' చుట్ట ప్రస్తావన ఉంది.

పొగాకు రైతుని అడగండి. ఎండిన ఆకుని అప్పుడే ముట్టుకుంటే పొడి అయిపోతుందంటాడు. కాస్త తేమ పీల్చుకుని మెత్తబడ్డాకే దించుతాడు. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. తగినంత తేమ ఉండటాన్నే మనం పదును అంటాం. హ్యూమిడార్ అంటే ఏళ్ల తరబడి ఆ పదును కాపాడే పెట్టె. అంతే!

లెక్క ఇదీ

పెట్టెలో గాలి తేమ 65 నుంచి 70 శాతం, వేడి 18 నుంచి 21 డిగ్రీలు ఉండాలి. తేమ తగ్గితే సిగార్ పైఆకు పగులుతుంది, ఘాటుగా కాలుతుంది. ఎక్కువైతే ఉబ్బుతుంది, సరిగా అంటుకోదు.

లోపల వేసే చెక్కను స్పానిష్ సెడార్ అంటారు. నిజానికి అది అమెరికా ఖండాల చెట్టు, మన వేప కుటుంబానికి చెందింది. తేమను పీల్చుకుని మెల్లగా వదులుతుంది. కొత్త పెట్టె అయితే ఈ చెక్క పొడిగా ఉండి సిగార్లలోని తేమనే లాగేస్తుంది. అందుకే సరుకు పెట్టకముందు చిన్న గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి, లోపల ఉంచి, కొన్ని రోజులు మూసిపెట్టాలి.

మినరల్ వాటర్ వేరు, డిస్టిల్డ్ వాటర్ వేరు. కుళాయి నీళ్లూ, మినరల్ వాటరూ పోస్తే అందులోని లవణాలు స్పాంజిలో పేరుకుని అది పనికిరాకుండా పోతుంది.

తేమ మీటర్ సరిగ్గా చూపిస్తోందా? ఇలా చూసుకోండి. సీసా మూతలో ఉప్పు పోసి, తడిసి ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు వేయండి. మూతనీ, మీటర్నీ కలిపి జిప్ కవర్లో పెట్టి ఒక రోజంతా ఉంచండి. 75 చూపించాలి. 71 చూపిస్తే మీటర్ నాలుగు తక్కువ చెబుతోందని గుర్తు.

ఇక్కడి ఎండ, ఇక్కడి ఏసీ

గల్ఫ్‌లో వేసవి వస్తే బయట ఉక్కపోత, లోపల ఏసీ పొడిగాలి. పెట్టెని ఏసీ గాలి నేరుగా తగిలేచోటా, కిటికీ ఎండ పడేచోటా పెట్టకూడదు. సిగార్ వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. బఖూర్ పొగ వేసేటప్పుడు మూత తీయొద్దు. లోపల డెటాల్, స్ప్రేల్లాంటివి వాడొద్దు.

అసలు చిక్కు జూలై, ఆగస్టుల్లో. ఇంటివాళ్లు సెలవులకు వెళ్తూ ఏసీ ఆపించేస్తారు. వేడి 25 డిగ్రీలు దాటితే పొగాకులో దాగిన గుడ్లు పొదిగి పురుగు బయటికి వచ్చే ప్రమాదం ఉంది. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు పురుగు అది. సిగార్ మీద గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి కన్నాలు కనబడితే దాని పనే. అలాంటివాటిని వెంటనే వేరు చేయాలి. మిగతావి గాలి చొరని కవర్లో కట్టి ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు ఫ్రీజర్లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీస్తారు. తొందరపడితే పైఆకు చిట్లుతుంది. ఇదంతా యజమానికి చెప్పాకే చేయండి.

పాతదైతే ధర

మంచి సిగార్ ఏళ్లు గడిచేకొద్దీ మెత్తటి రుచికి వస్తుంది. ఆకులో మిగిలిన అమ్మోనియా ఘాటు మెల్లగా పోతుంది, వాసనలు కలిసిపోతాయి. అయితే అన్నీ పాతబడి బాగుపడవు. తేలికరకాలు త్వరగానే చప్పబడతాయి. క్యూబా పెట్టెల అడుగున నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. నెల పేరు స్పానిష్‌లో ఉంటుంది కాబట్టి జనవరి 'ఎనె' అనీ, ఆగస్టు 'అగో' అనీ కనిపిస్తుంది. పాతదీ కొత్తదీ కలిసిపోకుండా సర్దడానికి ఇది చూసుకుంటే చాలు.

మాట పడకుండా...

రోజుకోసారి తేమ, వేడి ఎంతుందో తేదీతో నోటు పుస్తకంలో రాయండి. వీలైతే మీటర్ ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి. ఏసీ ఆపమంటే 'సిగార్ల గది సంగతేంటి సార్?' అని ముందే మెసేజ్ పెట్టి అడగండి. తెల్లటి నూగు కనబడితే మీరే తుడిచేయకుండా చూపించండి. అది బూజే కావచ్చు. రేపు ఏదైనా తేడా వస్తే ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

సెలవుకి ఇంటికి వెళ్తూ ఎవరైనా పెట్టె చేతికిచ్చి పట్టుకెళ్లమంటే జాగ్రత్త. 2016 నాటి మన బ్యాగేజీ నిబంధనల్లో సుంకం లేకుండా తెచ్చుకునే సిగార్ల హద్దు 25. బయల్దేరేముందు తాజా నిబంధన కనుక్కోండి.

పొగాకు ఏ రూపంలో ఉన్నా ఒంటికి చేటే, సిగార్ కూడా అంతే. కానీ దాన్ని కాపాడటం ఒక పనితనం. అది మీకు వస్తే బయోడేటాలో ఓ లైను రాయండి. లాంజ్‌లున్న హోటళ్లకు ఈ పని తెలిసిన మనుషులు కావాలి.