వయసు కంటే ముందే ముసలిదవుతున్న నోరు

పత్తికొండ : టమోటా మార్కెట్ దగ్గర గంపలెత్తే ఆడవారి వయసు ఎంత ఉంటుందో చెప్పమంటే, కొత్తగా వచ్చినవారు పదేళ్ళు ఎక్కువే చెబుతారు. జుట్టు ఇంకా నల్లగానే ఉంటుంది. చేతుల్లో సత్తువ తగ్గి ఉండదు. మూతి మాత్రం ముడుచుకుపోయి, పెదవులు లోపలికి పోయి, సెలవుల దగ్గర గీతలు దిగి ఉంటాయి. మన పడమటి పల్లెల్లో ముసలితనం ముందుగా వచ్చి కూర్చునేది నోటి మీదనే.

మూతి ముడతల గురించి కూడా పత్రికలో రాయాలా అని నవ్వేవారు ఉండవచ్చు. ఇది వట్టి సోకు సంగతే అయితే రాయవలసిన పని లేదు. "ఈ వయసులో మూతి అందం ఎవరికి కావాలప్పా" అని మనం తీసి పారేసే గుర్తుల్లో కొన్ని అసలు వయసువే కావు. కొన్ని పళ్ళు పోయినందువల్ల వచ్చినవి, కొన్ని రక్తం తక్కువై వచ్చినవి. మరికొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

ముందు పళ్ళ సంగతి చూద్దాం. పెదవులకూ బుగ్గలకూ లోపలి నుంచి ఆసరాగా నిలిచేవి పళ్ళే. గుడిసెకు నడిమి నిట్టాడు తీసేస్తే కప్పు ఎట్లా కుంగుతుందో, పళ్ళు ఊడితే మూతి అట్లా కుంగుతుంది. అంతటితో ఆగదు. పన్ను పోయిన చోట దవడ ఎముక కూడా అరిగిపోతుంది. ఆ అరుగుదల మొదటి ఏడాది ఎక్కువగా ఉండి, తర్వాత నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. పై దవడ కంటే కింది దవడ త్వరగా అరుగుతుంది. చివరికి గడ్డం ముక్కు దగ్గరికి వచ్చి, నోటి రెండు మూలలూ కిందికి జారుతాయి. బోసినోటి అవ్వల ముఖం అట్లా కావడానికి కారణం చర్మం కాదు, లోపల ఆధారం లేకపోవడం. ఇటువంటి ముడతకు పైన ఏ క్రీము రుద్దినా ఫలితం ఉండదు. దీనికి మందు కట్టుడు పళ్ళు.

జారిన మూలల్లో ఎంగిలి ఊరి నిలుస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే ఆ చోట బూజు చేరి, సెలవులు పగిలి మండుతాయి. చలికాలం పగుళ్ళని వెన్న రాసి ఊరుకుంటారు. పళ్ళు లేనివారిలోనే కాదు, కట్టుడు పళ్ళు పాతబడి అరిగినవారిలోనూ ఇది వస్తుంది. ఇనుము, బి విటమిన్లు తక్కువైన ఆడవారికీ పిల్లలకూ కూడా వస్తుంది. మధుమేహం ఉంటే తొందరగా మానదు. బూజు మందు పూస్తే నాలుగు రోజులకు తగ్గవచ్చు గానీ, కారణం పట్టుకోకపోతే మళ్ళీ వస్తుంది. సెలవులు ఊరికే ఊరికే పగిలేవారు రక్త పరీక్ష, చక్కెర పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇక ఎండ. పెదవి చర్మం చాలా పలుచన. ఒంటి చర్మం మాదిరి దానికి చెమట పట్టదు, నూనె ఊరదు. అందులోనూ కింది పెదవి బయటికి ఉంటుంది గనుక నడినెత్తి ఎండ దాని మీదనే పడుతుంది. ఏళ్ళ తరబడి చేనులోనే ఉండేవారికి కింది పెదవి గరుకెక్కి, పొట్టు లేచి, పెదవికీ చర్మానికీ మధ్య గీత చెరిగిపోతుంది. ఎండిందని నాలుకతో తడిపితే ఇంకా ఎండుతుంది. నెయ్యి, కొబ్బరి నూనె, వాసెలిన్, ఏది ఇంట్లో ఉంటే అది పూసుకోవచ్చు. ఎండకు మాత్రం తలగుడ్డ అంచు, కొంగు ముందుకు లాక్కోవడమే చవకైన మందు. ఎండను ఆపే క్రీము కొనగలిగినవారు డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 30, అంతకు పైన ఉన్నది చూసుకోవాలి.

బీడీ తాగేవారి మూతి చూడగానే తెలిసిపోతుంది. బీడీ సిగరెట్టు మాదిరి దానంతట అది కాలదు. ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. పీల్చినప్పుడల్లా పై పెదవి మీద నిలువు మడతలు పడతాయి. పొగ చర్మంలోని బిగువును తినేస్తుంది గనుక ఆ మడతలు అట్లాగే నిలిచిపోతాయి. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఆడవారు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. అక్కడ అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు దశాబ్దాల కిందటే రాశారు. మన వైపు ఆ అలవాటు లేదు గానీ, మనకు వక్కాకు ఉంది, పొగాకు ఉంది, పొట్లాలు ఉన్నాయి.

వక్క సంగతి చాలామంది నమ్మరు. పెళ్ళికీ పేరంటానికీ తాంబూలంలో ఇచ్చేది కీడు చేస్తుందా అంటారు. పొగాకు కలవని వట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. వక్క రోజూ నమిలేవారికి బుగ్గల లోపలి పొర తెల్లబడి, తోలు మాదిరి గట్టిపడుతుంది. మొదట కారం ఓర్చుకోలేరు. జొన్నరొట్టెలోకి పచ్చికారం లేనిదే ముద్ద దిగని మన ప్రాంతంలో ఈ గుర్తును ఎవరైనా పట్టుకోవచ్చు. తర్వాత నోరు తెరుచుకోదు. పెదవులు బిగిసి, ఇరవై అయిదేళ్ళ పిల్లవానికి అరవై ఏళ్ళ మూతి వస్తుంది. తన మూడు వేళ్ళు నిలువుగా పెట్టుకుంటే పట్టనంతగా నోరు మూసుకుపోయినవారు ఇక ఆలస్యం చేయరాదు. సూదులు, నోటి వ్యాయామం, ఆపరేషను ఉన్నాయి గానీ, పూర్తిగా మునుపటి నోరు రాదు. నమలడం మానడమే మొదటి వైద్యం.

మన రాష్ట్రం 2013లో గుట్కాను నిషేధించింది. ఆ తర్వాత వక్కపొడి ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం పక్కపక్కనే వేలాడాయి. రెండూ కలుపుకుంటే అదే గుట్కా అని కొనేవానికీ తెలుసు, అమ్మేవానికీ తెలుసు. మానాలనుకునేవారికి 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు పొగాకు ప్యాకెట్ల మీదనే అచ్చయి ఉంటుంది. ప్యాకెట్టు మీద హెచ్చరిక బొమ్మ చూసినంతగా ఆ నంబరును ఎవరూ చూడరు.

నోట్లోగానీ పెదవి మీదగానీ పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ తుడిచినా పోకపోతే, నొప్పి లేదు గదా అని ఊరుకోకూడదు. తొలిదశలో నొప్పి ఉండకపోవడమే ఈ జబ్బులోని మోసం. పత్తికొండ ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని, అక్కడి నుంచి ఆదోని ఏరియా ఆసుపత్రికో, కర్నూలు పెద్దాసుపత్రికో చీటీ రాయించుకోవచ్చు. క్యాన్సర్ అని తేలినా కార్డు ఉన్నవారికి వైద్యసేవ పథకం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది ఇదే.

ఇక అంగళ్ళలో దొరికే క్రీములు. మూతి చుట్టూ నలుపు పోతుందని, ముడత పోతుందని ఆడపిల్లలు పూసుకునే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వారంలో ముఖం తేటగా కనిపిస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి, నోటి చుట్టూ ఎర్రటి పొక్కులు లేస్తాయి. ఆపితే మంట, పూస్తే పొక్కులు. డాక్టరు చీటీ లేనిదే ఇటువంటివి అమ్మరాదని 2018లో కేంద్రం ఆదేశించింది. బెంగళూరు, హైదరాబాదుల్లో మూతి ముడతలకు వేసే సూదులు కూడా ఉన్నాయి. ఒక రకం మూడు నాలుగు నెలలు, ఇంకో రకం ఏడాది లోపు పనిచేసి తేలిపోతాయి. మళ్ళీ వేయించుకోవాలి. సంపన్నుల వ్యవహారం అది.

మన అవసరం కట్టుడు పళ్ళు. ఇవి ఒక్క పూటలో అయ్యేవి కావు. దవడ అచ్చు తీయాలి, మైనంతో ఎత్తు చూడాలి, పెట్టి చూసుకోవాలి, తర్వాత సరిచేయాలి. నాలుగైదు సార్లు తిరగాలి. కూలి పోతుందని, బస్సు చార్జీ అవుతుందని చాలామంది మొదటిసారికే ఆగిపోతారు. సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతకు పోయేవారు సగంలో వదిలేస్తే, తిరిగి వచ్చేసరికి దవడ అరిగి పాత అచ్చు పనికిరాదు. బయలుదేరడానికి రెండు నెలల ముందే మొదలుపెట్టుకోవాలి. పంటి డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కుని పోతే ఒక దారి ఖర్చు తగ్గుతుంది. చనిపోయినవారి పళ్ళు, పక్కింటివారి పళ్ళు అరువుకు పెట్టుకోవడం ఎంతమాత్రం కూడదు. ఒకరి దవడకు చేసినది ఇంకొకరికి పుండు చేస్తుంది.

కొత్త పళ్ళు పెట్టుకున్న మొదటి రోజుల్లో మాట తడబడుతుంది, ఎంగిలి ఎక్కువ ఊరుతుంది. ఎక్కడైనా ఒరుసుకుంటే ఇంట్లో ఆకురాయితో రుద్దకుండా చేసిన డాక్టరు దగ్గరికే పోవాలి. రాత్రి తీసి కడిగి, నీళ్ళ గ్లాసులో వేయాలి. వేడి నీళ్ళు పోస్తే వంకరపోతాయి. మొదట మెత్తటి సంగటి, ఉప్మా, తర్వాత పప్పులో నానిన జొన్నరొట్టె తినవచ్చు. వేయించిన బుడ్డలు మాత్రం నోరు పూర్తిగా అలవాటు పడ్డాకే.