పాలకుడి పంతం... ఇంటింటి శోకం

హైదర్‌గూడ నుంచి కాచిగూడ ఎంత దూరమని? ఆటో ఎక్కి నాలుగు మాటలు చెప్పుకునేలోపే వచ్చేస్తుంది. రైలుకనీ, చుట్టాలింటికనీ ఎన్నోసార్లు వెళ్తుంటాం. కానీ 1948 ఆగస్టు 21 రాత్రి అక్కడే ఓ యువ సంపాదకుణ్ణి నరికేశారన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఆయన పేరు షోయబుల్లాఖాన్. వయసు 27 ఏళ్లు. నడిపింది 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక. 'ఈ రోజు' అని దానర్థం.

1947లో దేశమంతా స్వాతంత్య్రం కోసం ఎదురుచూస్తుంటే, తన రాజ్యం ఎవరితోనూ కలవదని నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రకటించాడు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్లమీద పడ్డారు. స్వాతంత్య్రం రాజ్యానికే! జనానికి నోరెత్తే వీల్లేదు. భారతదేశంలో కలవడమే మేలని రాశాడు షోయబుల్లా. ఆఫీసు నుంచి ఇంటికెళ్తుంటే దాడి చేశారు. వెంట ఉన్న బావమరిది చెయ్యి తెగిపోయింది. తెల్లారేసరికి షోయబుల్లా ప్రాణం పోయింది.

ఇది ఒక్క మన ఊరి కథే కాదు. 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన జార్జియాలో గమ్సఖుర్దియా అధ్యక్షుడయ్యాడు. ఆయనా రచయితే. కమ్యూనిస్టుల హయాంలో జైలుకెళ్లినవాడే. జనం 80 శాతానికి పైగా ఓట్లేసి గెలిపించారు. తీరా గద్దెనెక్కాక ఎదురు చెప్పినవాళ్లంతా ఆయనకి ద్రోహులైపోయారు. ఆ ఏడాది చివర్లో రాజధాని నడిబొడ్డునే తుపాకులు పేలాయి. 1992 జనవరిలో ఆయన పారిపోయాడు. ఒకరిది వారసత్వంగా వచ్చిన గద్దె, మరొకరిది ఓట్లతో వచ్చింది. పంతం మాత్రం ఒక్కటే.

ఆ పంతానికి మూల్యం ఎవరు చెల్లించారు? 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత రజాకార్ల మీది కసి ఏ పాపం ఎరగని ముస్లిం కుటుంబాల మీద తీర్చుకున్నారు. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. నిజాం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. కడుపుకోత మాత్రం రెండువైపులా ఆడవాళ్లకే మిగిలింది.

గట్టిగా మాట్లాడే నాయకుడంటే మనకి ఓ నమ్మకం. తప్పులేదు. అయితే ఆయన్ని కాదన్న మనిషి రాత్రికి క్షేమంగా ఇల్లు చేరుతున్నాడో లేదో కూడా చూడాలి. చరిత్ర పాఠం అప్పజెప్పించుకునేటప్పుడు తేదీలతోపాటు పిల్లలకి ఈ మాట కూడా చెబుదాం.